తమిళ లిపితో గడిచిన నెల వృథాయేనా?

ప్రశ్న: నేను తిరుపతిలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది రెండో సంవత్సరం. విజయనగర రాజుల కాలంలో తిరుమల ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించిన తీరు నా పరిశోధనాంశం. ప్రతి నెలాఖరునా గడిచిన నెల గురించి నోటుపుస్తకంలో రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. నవంబరు గురించి రాసిన పేజీలు మళ్ళీ చదువుకుంటే ఏడుపు వచ్చింది. అచ్యుతరాయల కాలపు శాసనాల సంపుటం పూర్తిచేసి, ఒక అధ్యాయానికి చిత్తుప్రతి రాయాలని నెల మొదట్లో అనుకున్నాను. సంపుటంలో సగం కూడా కాలేదు, అధ్యాయం మొదలే పెట్టలేదు. శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉండడం వల్ల నెలంతా తమిళ అక్షరాలు, వాటిలో సంస్కృత పదాలకు వాడే గ్రంథాక్షరాలు నేర్చుకోవడానికే సరిపోయింది. తీరా యోగిమల్లవరం గుడికి వెళ్ళి గోడ ముందు నిలబడితే ఒక్క పంక్తి కూడా చదవలేకపోయాను. పిన్నమ్మ కూతురి పెళ్ళికి పలమనేరు వెళ్ళడంతో మరికొన్ని రోజులు పోయాయి. నా రూమ్‌మేట్ రసాయన శాస్త్రంలో ఉంది, ఆమె రెండో పరిశోధన పత్రం ఈ నెలే అచ్చయింది. నేను గైడుగారికి ఇచ్చిన పేజీలు మూడు వారాల తర్వాత చేతికిస్తూ ‘చూద్దాం’ అన్నారు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ‘ఇంగా ఎన్ని దినాలు సదువుతావు మే’ అంటుంది. రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టడం లేదు. ఇలా రాసుకోవడం నాకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? ఈ పేజీలను గైడుగారికి చూపించవచ్చా? ఇదంతా మానేసి డీఎస్సీకి చదువుకోవడం మంచిదా? కొన్ని పేజీల నకళ్ళు జతచేస్తున్నాను.
– ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: రాసుకోవడం మానవద్దు. అయితే మీరు పంపిన పేజీల్లో నవంబరు నెల కన్నా, మీ మీద మీరే మోపుకున్న అభియోగాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అనుకున్నది చేయలేకపోయాను, చదవలేకపోయాను, అడగలేకపోయాను, నిద్రపోలేకపోయాను అంటూ పేజీ తర్వాత పేజీ సాగింది. ఒక నెలలో ఏం చదివారో, చదివినందువల్ల మీ అభిప్రాయం ఎక్కడ మారిందో తెలుసుకోవాలని ఆ పేజీలు తిరగేసేవారికి ఆ సంగతి దాదాపుగా దొరకదు. దొరికినది ఒక్కచోటే, అది కూడా మూడో పేజీ అంచున పెన్సిల్‌తో అడ్డంగా రాసి ఉంది: ‘శ్రీభండారంలో కట్టిన పణాలు నేరుగా నైవేద్యానికి పోవడం లేదు, ముందు కాలువకు పోతున్నాయి. మరి ఆ ఊరివాళ్ళకు ఏం మిగిలింది?’ ఆ రెండు వాక్యాలను మీరు నెల ఖాతాలో రాసుకోనే లేదు. నా దృష్టిలో మీ నవంబరు నెల సంపాదన ముఖ్యంగా అదే, అందుకే దాని గురించే కొంచెం ఎక్కువగా రాస్తాను.

ఆ శాసనాలు చెప్పే ఏర్పాటు మీకు తెలిసినదే, ఈ శీర్షిక చదివే ఇతరుల కోసం క్లుప్తంగా చెబుతాను. ఒక దాత స్వామివారికి ఫలానా రోజుల్లో ఇన్ని తిరుప్పోనకాలు, అంటే అన్న నైవేద్యాలు, సమర్పించాలని కోరుకుని, కొంత ధనాన్ని శ్రీభండారంలో, అంటే ఆలయ ఖజానాలో, చెల్లిస్తాడు. ఆలయ నిర్వాహకులైన స్థానత్తారులు ఆ ధనంతో తిరువిడైయాట్టం గ్రామాల్లో, అంటే ఆలయానికి చెందిన ఊళ్ళలో, చెరువులో కాలువలో తవ్విస్తారు. దానివల్ల పెరిగిన రాబడి నుంచి ఏటా ఆ నైవేద్యం జరుగుతుంది. నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు ‘విట్టవన్ విళుక్కాడు’ పేరుతో దాతకే వస్తుంది. అసలు సొమ్ము భూమిలో నీరుగా మారుతుంది, ఫలితం గర్భగుడిలో అన్నంగా మారుతుంది, అందులో ఒక భాగం దాత ఇంటికి చేరుతుంది. ఇంత చక్కగా అల్లిన ఏర్పాటును మూలంలో చూసి, ‘మరి ఊరివాళ్ళకు?’ అని ఆగి అడగడం పరిశోధనలో అసలైన పని. ఆ ప్రశ్న లేకుండా సంపుటం మొత్తం పూర్తిచేసి ఉంటే మీ దగ్గర మరో పట్టిక ఉండేది, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. దానధనం ఆలయ గ్రామాల సాగునీటికి మళ్ళిందన్న సంగతి మీకు కొత్తగా తోచినా, లోకానికి కొత్తది కాదు. మధ్యయుగపు దక్షిణ భారత ఆలయం ఆర్థికంగా ఎలా పనిచేసిందో వివరిస్తూ చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లోనే తిరుమల శాసనాల ఆధారంగా వ్యాసం ప్రచురించారు. మీరు దాన్ని ఇప్పటికే చదివి ఉంటే సరే, లేకపోతే ఈ వారమే చదవండి. చదివాక నిరుత్సాహపడకండి. పెన్సిల్ రాతలో మొదటి వాక్యం ఆయనకు చెందుతుంది, రెండో వాక్యం ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. ఆలయానికి ఏం రావాలో, దాతకు ఏం దక్కాలో శాసనాలు గింజలతో సహా చెబుతాయి. కొత్త కాలువ కింద సాగుచేసిన రైతుకు ఎంత మిగిలిందన్న విషయంలో మాత్రం అవి చాలావరకు మౌనంగా ఉంటాయి. ఆ మౌనాన్ని ఏ ఆధారాలతో పూరించాలన్నది రాబోయే ఏడాదికి సరిపడే పని. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడక ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది గనుక, ఆ జిల్లా పాత రెవెన్యూ రికార్డుల్లో, ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో, అంటే గ్రామ చరిత్రల్లో, కొన్ని జాడలు దొరకవచ్చు. అయితే అవి రెండు మూడు శతాబ్దాల తర్వాతివి కాబట్టి, వాటిని పదహారో శతాబ్దం మీద యథాతథంగా అతికించడానికి వీలుండదన్న జాగ్రత్త తప్పనిసరి.

ఇక తమిళ అక్షరాల సంగతి. మీ పేజీల్లో దీన్ని ‘అసలు పని కానిది’ అనే వరుసలో వేశారు. తిరుమల కొండ మీది శాసనాల్లో అత్యధికం తమిళంలోనే ఉన్నాయి, తెలుగు, కన్నడ, సంస్కృత శాసనాలు ఆ తర్వాతే. దేవస్థానం ప్రచురించిన శాసన సంపుటాల్లో మొదటిది సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి సంపాదకత్వంలో 1931లో వచ్చింది. ఆ వరుసలో ఆంగ్లానువాదాలు ఉన్నాయి కాబట్టి వాటితోనే నెట్టుకురావచ్చని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఏ శాసనంలో ఏముందో వెతుక్కోవడానికి అనువాదం ఎంతో ఉపయోగపడుతుంది. కానీ కాలువ ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయింది, తవ్వింది కొత్త కాలువా లేక పాతదాన్ని బాగుచేశారా, ఎంత మేర కొత్తగా సాగులోకి వచ్చింది వంటి ప్రశ్నల మీద మీ సిద్ధాంతవ్యాసం నిలబడుతున్నప్పుడు, ఆ మాటలను తొంభై ఏళ్ళ కిందట ఇంకొకరు ఎలా అర్థం చేసుకున్నారన్నదాని మీద పూర్తిగా ఆధారపడడం ప్రమాదం. రేపు మౌఖిక పరీక్షలో పరీక్షకులు మూలపాఠం చదవమని అడిగితే, ఈ నవంబరే మిమ్మల్ని కాపాడుతుంది.

యోగిమల్లవరంలో జరిగినదాన్ని కూడా మీరు పొరపాటుగా లెక్కవేసుకున్నారు. మీరు నేర్చుకున్నది ఈనాటి అచ్చు తమిళం. అందులో పొల్లు అక్షరం మీద చుక్క ఉంటుంది, హ్రస్వ దీర్ఘ ఎకారాలకూ ఒకారాలకూ వేర్వేరు గుర్తులు ఉంటాయి. పాత రాతిశాసనాల్లో సాధారణంగా ఆ చుక్క పెట్టరు, ఎకార ఒకారాల్లో హ్రస్వమేదో దీర్ఘమేదో చూపరు, పదాల మధ్య ఖాళీ వదలరు. పైగా అక్షర రూపాలు శతాబ్దానికీ శతాబ్దానికీ మారాయి, సంస్కృత పదం వచ్చిన చోట గ్రంథాక్షరాలు చొరబడతాయి. ఆ గుడి గోడల మీద చోళుల కాలపు రాతలు ఉన్నాయి, మీరు చదువుతున్న అచ్యుతరాయల శాసనాల కన్నా అవి కొన్ని శతాబ్దాలు పాతవి. అక్షరమాల నేర్చుకున్న కొద్ది వారాలకే వాటి ముందు నిలబడి తడబడడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఈసారి వెళ్ళేముందు, అచ్చయిన సంపుటంలో ఆ గుడికే చెందిన ఒక చిన్న శాసనాన్ని ఎంచుకుని, దాని పాఠాన్ని చేతిలో పెట్టుకుని, రాతి మీది ఒక్కొక్క అక్షరాన్ని కాగితం మీది అక్షరంతో సరిపోల్చండి. చదవడం అలాగే వస్తుంది. అచ్చు తమిళం ధారాళంగా రావడానికి హాస్టల్లో నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చిన అమ్మాయిలు ఎవరైనా ఉంటారు, వారితో రోజూ కొంతసేపు కూర్చోండి. గ్రంథాక్షరాల కోసం ప్రాచ్య పరిశోధన సంస్థలోనో, సంస్కృత విశ్వవిద్యాలయంలోనో తాళపత్రాలతో పనిచేసేవారిని అడగండి. ఇంత దగ్గరలో ఇన్ని వసతులు ఉన్న ఊరు పరిశోధకులకు తరచుగా దొరకదు.

శకాబ్దాలను క్రీస్తుశకంలోకి మార్చడానికి ఒక సాయంకాలం ‘తగలేశాను’ అని కూడా రాశారు. కృష్ణదేవరాయలు తిరుమలకు మొదటిసారి వచ్చినప్పటి శక 1434 ఆంగీరస సంవత్సరానికి 78 కలిపితే 1512 వస్తుంది. కానీ ఆ తిథి ఆంగీరస సంవత్సరం చివరి మాసాల్లో పడింది కాబట్టి, అది 1513 ఫిబ్రవరి అవుతుంది. ఈ తేడా పట్టుకోవడానికి మీకు పట్టిన సాయంకాలం మీ సిద్ధాంతవ్యాసంలోని ప్రతి తేదీకీ పనికొస్తుంది. దాన్ని తగలేయడం అనరు.

రూమ్‌మేట్‌తో పోలిక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రయోగశాలలో కొందరు కలిసి చేసే పనికి పత్రాలు తొందరగా వస్తాయి, మూలాల భాషే నేర్చుకోవలసిన చరిత్ర విద్యార్థికి ఆలస్యంగా వస్తాయి. 2022 నాటి యూజీసీ నిబంధనల్లో సిద్ధాంతవ్యాసం సమర్పించడానికి ముందు పత్రం ప్రచురించి తీరాలన్న షరతు లేదు, అయినా మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమైనా నియమం పెట్టుకుందేమో కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకోండి. అదే నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్ళు, గరిష్ఠ గడువు ఆరేళ్ళు, మహిళలకు మరో రెండేళ్ళ సడలింపు ఉంది. రెండో ఏడాది నవంబరులో అధ్యాయం మొదలుకాకపోవడం ఆ లెక్కలో ఆలస్యం కిందికి రాదు. పెళ్ళికి వెళ్ళిన రోజులను మాత్రం దయచేసి ఈ ఖాతాలో నుంచి పూర్తిగా తీసివేయండి. పిన్నమ్మ కూతురి పెళ్ళికి వెళ్ళడానికి పరిశోధన పేరుతో సంజాయిషీ రాసుకోవడం ఏ శాస్త్రంలోనూ లేదు.

గైడుగారి ‘చూద్దాం’ మిమ్మల్ని చాలా బాధించినట్టుంది. ఆ మాటకు అంగీకారమని గానీ తిరస్కారమని గానీ అర్థం తీయడానికి లేదు, చాలాసార్లు అది పేజీలు పైపైన చూసినవారు అనే మాట. దాని మీద రాత్రంతా ఆలోచించే బదులు, ఆయన జవాబు చెప్పక తప్పని రీతిలో అడగడం మేలు. పేజీలన్నీ మళ్ళీ ఇవ్వకండి. మీకు నిజంగా సందేహం ఉన్న రెండు మూడు చోట్ల గీత గీసి, ‘సార్, ఇక్కడ ఈ శాసనాన్ని కొత్త కాలువ తవ్వకంగా తీసుకున్నాను, సరైనదేనా?’ అన్నంత సూటిగా అడగండి, చూడడానికి ఏ రోజు వీలవుతుందో కూడా అప్పుడే కనుక్కోండి. ప్రతి సెమిస్టర్‌లోనూ పరిశోధన సలహా సంఘం ముందు మీ పని పురోగతిని వివరించవలసి ఉంటుంది. ఆ సమావేశంలో మీ ప్రశ్నలు, వచ్చిన సలహాలు లిఖితపూర్వకంగా నమోదవుతాయి కాబట్టి, గైడుగారు తీరికలేనివారైనా మీ పని నిలిచిపోకుండా ఉండడానికి అదొక ఆసరా.

అమ్మగారి ప్రశ్నకు మీరు ఇప్పటిదాకా ‘అయిపోతుందమ్మా’ అని మాత్రమే జవాబు చెబుతున్నారు. మీ అంశం ఏమిటో ఆమెకు ఎప్పుడైనా వివరంగా చెప్పారా? అయిదు వందల ఏళ్ళ కిందట దేవుడి సొమ్ముతో చెరువులు తవ్వించిన సంగతి పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి అర్థంకాని విషయమేమీ కాదు. పైగా ఆమె మీకు కొంత నేర్పగలరు. మీ ఊరి చెరువు కింద నీళ్ళ వంతులు ఎలా ఉండేవి, నీరుగంటి ఎవరు, అతనికి కళ్ళంలో ఎంత ఇచ్చేవారు, పూడిక తీయడానికి ఇంటికొకరు ఎలా వెళ్ళేవారు అని అడిగి చూడండి. ఆమె చెప్పేది పదహారో శతాబ్దానికి ఆధారం కాదు, నిజమే. కానీ కాలువ తవ్విన తర్వాత ఊళ్ళో ఎవరెవరికి వాటాలు ఏర్పడతాయో తెలిస్తే, శాసనంలో దేని కోసం వెతకాలో మీకు తెలుస్తుంది. ఆ ఫోన్ సంభాషణల స్వరం కూడా కొంత మారుతుందని నా ఆశ.

నిద్ర పట్టడం లేదన్న మాటను ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. నేను దాటలేను. ఒకటి రెండు రాత్రులైతే పట్టించుకోనక్కర్లేదు. రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే, ఆకలి తగ్గి, దేని మీదా మనసు నిలవని స్థితి ఉంటే, అది పరిశోధన సమస్య కాదు, వైద్యుణ్ణి కలవవలసిన విషయం. విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టవచ్చు. ముఖాముఖి చెప్పుకోవడం కష్టమనిపిస్తే, ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. నోటుపుస్తకంలో మీ మీద మీరు రాసుకున్న మాటల్లో కొన్ని మరీ కఠినంగా ఉన్నాయి కాబట్టే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఇక రాసుకునే పద్ధతి. నెలాఖరున, అర్ధరాత్రి, ఒకే విడతలో రాస్తున్నారు. ఆ ఒక్క రాత్రి ఎలా ఉంటే నెల మొత్తం అలాగే కనిపిస్తుంది. దానికి బదులు రోజూ లైబ్రరీ నుంచి బయటికి వచ్చేముందు, ఆ రోజు చదివిన శాసనం సంఖ్య, అందులో మిమ్మల్ని ఆపిన విషయం, అర్థంకాని మాట రెండు మూడు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. నెలాఖరున కొత్తగా ఏమీ రాయకుండా వాటిని వరుసగా చదివి, నెల మొదట్లో మీరు నమ్మినదేదో, ఇప్పుడు నమ్మనిదేదో తేల్చుకోండి. బాధ కలిగిన రోజున బాధ గురించి కూడా రాసుకోండి, దాన్ని నేనెందుకు వద్దంటాను? అయితే అది వేరే పుస్తకంలో ఉండాలి. రెండూ ఒకే చోట కలిస్తే, పెన్సిల్‌తో రాసుకున్న మంచి ప్రశ్న మార్జిన్‌లోకి పోతుంది, పేజీ మధ్యలో రూమ్‌మేట్ కూర్చుంటుంది.

దీన్నిబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు మీకే తెలిసి ఉంటుంది. ఆ పేజీలను గైడుగారికి చూపించవద్దు. వాటిలో మీ ఇంటి సంగతులు, రూమ్‌మేట్ సంగతులు, ఆయన మీద కోపం కూడా ఉన్నాయి. అవి మీవి. ఆయనకు ఒకే పేజీ ఇవ్వండి. నవంబరులో సంపుటంలో ఎంతవరకు చదివారో, లిపి విషయంలో ఎక్కడున్నారో, సాగునీటి ఖర్చు ప్రస్తావన ఉన్న శాసనాలు ఏవో, వాటిని చదివాక మీ ప్రశ్న ఎలా మారిందో అందులో రాయండి. అనుకున్న అధ్యాయం కాలేదన్న మాటను కూడా ఒక వాక్యంలో, క్షమాపణలు లేకుండా రాసి, కొత్త గడువు ఇవ్వండి. ఆ గడువు నవంబరు పెట్టుకున్నంత అత్యాశతో ఉండకూడదు. కొత్త లిపిలో ఒక సంపుటం మొత్తాన్ని ఒక నెలలో చదివి, దాని మీద అధ్యాయం కూడా రాయడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు. సాగునీటి ప్రస్తావన ఉన్న శాసనాలను మాత్రమే ముందు మూలంలో చదువుతానని, మిగిలినవాటికి ప్రస్తుతానికి అనువాదాలతో సరిపెట్టుకుంటానని రాస్తే, అది నమ్మదగిన ప్రణాళిక అవుతుంది.

డీఎస్సీ విషయంలో నేను ఇప్పుడే అవునని గానీ కాదని గానీ చెప్పలేను, ఎందుకంటే అసలు సంగతి మీరు రాయలేదు. మీకు జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి ఉందా? ఉంటే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా మారితే 42,000 రూపాయలు, మొత్తం అయిదేళ్ళ వరకు వస్తాయి. ఇప్పుడు వదిలేయడం తొందరపాటు అవుతుంది. ఫెలోషిప్ లేకుండా, ఇంటి నుంచి డబ్బు తెచ్చుకుంటూ చదువుతుంటే మీ అమ్మగారి ప్రశ్న వెనుక ఉన్న బరువు వేరు, అప్పుడు ఉద్యోగ పరీక్షకు చదవడం ఓటమి కాదు, బాధ్యత. మీకు బీఈడీ ఉందో లేదో, అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ గానీ ఏపీ సెట్ గానీ రాశారో లేదో కూడా తెలియాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదని, నెట్, సెట్, స్లెట్‌లలో ఒకటి కనీస అర్హత అని 2023లో యూజీసీ స్పష్టం చేసింది కాబట్టి, డిగ్రీ చేతికి రాకముందే ఆ తలుపు తట్టే వీలుంది. ఏది ఎంచుకున్నా, డబ్బునూ ఇంటి పరిస్థితినీ చూసి ఎంచుకోండి, గోడ మీది అక్షరాలు చదవలేకపోయిన ఒక ఉదయాన్ని చూసి కాదు. సలహా సంఘం సమావేశం జరిగాక, సభ్యులు ఏమన్నారో, మీ ఫెలోషిప్ వివరాలతో సహా మళ్ళీ రాయండి.